మాట కూడా శ్రమే

పరాయి దేశం వెళ్ళినవాడు అక్కడి భాష నేర్చుకుంటే పైకి వస్తాడు, నేర్చుకోకపోతే అడుగునే పడి ఉంటాడు అన్న మాట ఈమధ్య అందరి నోటా వినిపిస్తున్నది. పత్రికలు అంటాయి, ప్రభుత్వాలు అంటాయి, వీసా దళారులు అందరికన్నా గట్టిగా అంటారు. ఈ మాటలో నిజం లేదని నేననను. ఉంది, కాని సగమే ఉంది. భాష రానివాడు వెనకబడతాడని చెప్పేవాళ్ళు, దాన్ని నేర్చుకోవటానికి కావలసిన డబ్బూ, తీరికా, గురువూ వాడికి ఎవరు సమకూర్చాలో చెప్పరు. భాష రావటమూ రాకపోవటమూ మనిషి తెలివినీ పట్టుదలనూ బట్టి ఉండే సొంత వ్యవహారమన్నట్టు మాట్లాడతారు. మిగిలిన సగం నిజం చరిత్రలో ఉంది, జీతాల పట్టికలో ఉంది. దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలని నా ఉద్దేశం.

నేను జగిత్యాల ప్రాంతంలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా ప్రాంతానికి వలస కొత్త కాదు. నా తరగతిలో ఏ బెంచీ చూసినా తండ్రో, అన్నో, మేనమామో దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉన్న పిల్లలు కనిపిస్తారు. అక్కడికి పోయేవాళ్ళను ఏ భాష వచ్చునని ఎవరూ అడగలేదు. తాపీ పట్టగలడా, ఇనుము వంచగలడా, ఎండకు ఆగగలడా అన్నదే ప్రశ్న. మా వీధిలో ఒకాయన పద్దెనిమిదేళ్ళు సౌదీలో పనిచేసి తిరిగి వచ్చాడు. హైదరాబాదు ఉర్దూ కొంచెం వచ్చుగనక అక్కడ పనివాళ్ళలో నెట్టుకొచ్చాడు. "అరబ్బీ వచ్చినోడు నీడల నిలబడ్డడు సారూ, రానోడు ఎండల నిలబడ్డడు" అని ఆయన నాతో అన్నాడు. ఆయన వేలిముద్ర వేసిన కాగితాలన్నీ అరబ్బీలో ఉన్నాయి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం రెండు భాషల్లో ఉన్నప్పుడు అరబ్బీ పాఠానిదే పైచేయి. తన జీతం ఎంతో చెప్పే కాగితాన్ని తానే చదవలేని మనిషికి, ఆ భాష నేర్పాలని పద్దెనిమిదేళ్ళలో ఎవరికీ తోచలేదు. తోచకపోవటంలో ఆశ్చర్యం లేదు. ఆ అజ్ఞానం వల్ల యజమానికి నష్టం లేదు సరికదా, లాభం కూడా ఉంది.

ఇదేదో ఎడారి దేశాల అనాగరికత అని సరిపెట్టుకోవటానికి వీల్లేదు. నాగరికులమని చెప్పుకున్నవాళ్ళ సంగతి చూద్దాం. 1860 నవంబరులో మద్రాసు రేవునుంచి మొదటి ఒప్పందపు కూలీల ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. తరవాత అర్ధశతాబ్దం పాటు చెరుకు తోటలకు వెళ్ళినవాళ్ళలో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళూ వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్ళను ఇంగ్లీషు వచ్చునా అని ఎవరూ అడగలేదు. కాని 1897లో నేటాల్ ప్రభుత్వం వలస నిరోధక చట్టం చేసింది. వచ్చేవాడు ఏదైనా ఐరోపా భాషలో, ఆ భాష లిపిలో, దరఖాస్తు రాసి చూపాలన్నది. స్వేచ్ఛగా వచ్చే వర్తకుడికీ, గుమాస్తాకూ ఈ నియమం. ప్రభుత్వ పథకం కింద వచ్చే ఒప్పందపు కూలీకి మాత్రం మినహాయింపు! మనిషి గొడ్డులా పనిచేయటానికి వస్తే భాష అక్కరలేదు, మనిషిగా బతకటానికి వస్తే భాష కావాలి. దీన్ని మించిన స్పష్టత ఏ చట్టంలోనూ నాకు కనిపించలేదు.

ఆస్ట్రేలియా 1901లో ఈ నేటాల్ పద్ధతినే మరింత పదును పెట్టింది. వచ్చినవాడికి అధికారి ఏదో ఒక ఐరోపా భాషలో 50 మాటలు చదివి వినిపిస్తాడు, వాడు తప్పులేకుండా రాయాలి. ఏ భాషలో అన్నది అధికారి ఇష్టం. 1934లో ఎగోన్ కిష్ అనే ప్రాగ్ నగరపు కమ్యూనిస్టు రచయిత యుద్ధవ్యతిరేక సభకు వెళ్ళినప్పుడు ఈ పరీక్ష పెట్టారు. ఆయనకు ఐరోపా భాషలు చాలా వచ్చును. అంచేత వెతికి వెతికి స్కాట్లండు గేలిక్‌లో పెట్టారు. చివరికి ఆ దేశపు హైకోర్టే, చట్టం చెప్పే ఐరోపా భాషల్లోకి గేలిక్ రాదని తేల్చవలసి వచ్చింది. ఈ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉన్నది. భాషా పరీక్ష భాషను కొలవటానికే పుడుతుందన్న నమ్మకం ఉన్నవాళ్ళు ఈ కథను ఒకసారి మననం చేసుకోవాలి.

ఇక జర్మనీ. ఈ దేశాన్ని నేను పుస్తకాల్లోనూ, ఫోను మాటల్లోనూ తప్ప ఎరగను. అయినా రెండేళ్ళుగా దాని వ్యాకరణంతో కుస్తీ పడుతున్నాను. ఆ సంగతికి తరవాత వస్తాను. రెండో ప్రపంచయుద్ధం తరవాత పశ్చిమ జర్మనీ పరిశ్రమలకు మనుషులు చాలలేదు. 1955లో ఇటలీతో, 1961లో తుర్కీతో, మధ్యలోనూ తరవాతా మరికొన్ని దేశాలతో ఒప్పందాలు చేసుకుని కార్మికులను రప్పించారు. వాళ్ళకు "అతిథి కార్మికులు" అని పేరు పెట్టారు. అతిథి అన్నాక వెళ్ళిపోవాలి గదా! వెళ్ళిపోయేవాడికి భాష దేనికి? పళ్ళు చూశారు, ఊపిరితిత్తులు చూశారు, భాష అడగలేదు. కార్ల ఫాక్టరీలో బెల్టు మీద వచ్చే ముక్కకు మర బిగించటానికి జర్మన్ వ్యాకరణం అక్కరలేదు.

ఫలితం 1973 ఆగస్టులో కొలోన్‌లోని ఫోర్డు ఫాక్టరీలో బయటపడింది. సెలవునుంచి ఆలస్యంగా తిరిగి వచ్చారని దాదాపు 300 మంది తుర్కీ కార్మికులను తీసేస్తే, తుర్కీ కార్మికులు వేల సంఖ్యలో పని ఆపేశారు. జర్మన్ కార్మికుల్లో ఎక్కువమంది వాళ్ళతో నిలబడలేదు, కార్మిక మండలీ నిలబడలేదు. ఒకే బెల్టు దగ్గర ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్ళ మధ్య ఒక సంభాషణ జరగటానికి చాలినంత భాష లేకపోయింది. పోలీసులు వచ్చారు, సమ్మె విరిగింది. విరగటానికి భాష ఒక్కటే కారణం కాదు. కాని కార్మికుణ్ణి మూగవాడుగా ఉంచటం వల్ల ఎవరికి మేలు జరుగుతుందో తెలుసుకోవటానికి ఈ ఉదాహరణ చాలు. ఆ ఏడు నవంబరులో ప్రభుత్వం కొత్తవాళ్ళను రప్పించటం మానేసింది. వచ్చినవాళ్ళలో లక్షలమంది అక్కడే స్థిరపడ్డారు. వాళ్ళకు జర్మన్ నేర్పే బాధ్యతను ప్రభుత్వం ఒక చట్టంగా ఒప్పుకోవటానికి 2005 దాకా పట్టింది.

1980లలో గుంటర్ వాల్‌రాఫ్ అనే జర్మన్ పాత్రికేయుడు విగ్గు పెట్టుకుని, కళ్ళలో నల్లని కాంటాక్టు లెన్సులు పెట్టుకుని, "అలీ" అనే తుర్కీవాడుగా వేషం వేసి కూలిపనుల్లో చేరాడు. తన అనుభవాలను 1985లో పుస్తకంగా వేశాడు. ఆ వేషంలో నాకు ముఖ్యంగా కనిపించేది విగ్గు కాదు. ఆయన తన మాతృభాషను కావాలని విరిచి మాట్లాడాడు. తెలివి అదే, చేతులు అవే. మాట విరిగేసరికి ఆయన విలువ పడిపోయింది. ప్రమాదకరమైన పనులు ఆయనవయినాయి, ఎదుట నిలబడి ఏమన్నా ఫరవాలేదన్న ధైర్యం అందరికీ వచ్చింది. అంటే భాష రాకపోవటమనేది ఒక లోపంగా ఊరుకోదు. ఎదటివాడి దృష్టిలో అది బుద్ధిలేకపోవటంగా మారిపోతుంది.

ఇదంతా పాత కథ అనవచ్చు. కాలం మారిందనీ, ఇప్పుడు జర్మనీ భాష అడుగుతున్నదనీ అనవచ్చు. నిజమే. 2024 అక్టోబరులో జర్మన్ ప్రభుత్వం నైపుణ్యంగల భారతీయులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. అందులో నర్సులకు గిరాకీ ఎక్కువ. అక్కడ ముసలివాళ్ళు పెరిగారు, చూసేవాళ్ళు తగ్గారు. నర్సుకు భాష కావాలి. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన కొలబద్ద ప్రకారం భాషాజ్ఞానానికి ఆరు మెట్లున్నాయి. నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా నాలుగో మెట్టు, అంటే బి-2, ఎక్కాలి.

ఎందుకు మారింది? దొరల మనసు మారిందనుకోవటం అమాయకత్వం. పని మారింది. మర బిగించే పనిలో మాట అక్కరలేదు. ముసలమ్మను మంచంమీదనుంచి లేపేటప్పుడు, "ఎక్కడ నొప్పి?" అని అడిగేటప్పుడు, డ్యూటీ దిగుతూ తరవాతి నర్సుకు రోగి పరిస్థితి అప్పగించేటప్పుడు మాటే పని. చెయ్యి చేసేది సగం, మాట చేసేది సగం. కార్మికుడి కండలాగే కార్మికురాలి మాట కూడా ఇప్పుడు మార్కెట్లో కొనే సరుకయింది. మాట కూడా శ్రమే అయింది.

అయితే ఈ శ్రమను తయారుచేసే ఖర్చు ఎవరిది? మా పక్క వీధిలో ఒక నర్సమ్మాయి ఉంది. నర్సింగు చదివి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నది. రెండేళ్ళ కిందట జర్మన్ నేర్చుకోవటానికి ఒక శిక్షణాకేంద్రంలో చేరింది. ఫీజుకు లక్షన్నర అప్పు చేసింది. రాత్రి డ్యూటీ చేసి, బస్సులో నిద్రపోయి, పగలు తరగతికి వెళ్ళేది. ఆ చదువుకు గంటకింత అని ఎవరూ జీతం ఇవ్వరు. అప్పుమీద వడ్డీ మాత్రం గంటగంటకూ పెరుగుతుంది. జర్మనీలో స్థిరపడినవాళ్ళకోసం ఆ ప్రభుత్వమే నడిపే తరగతుల లెక్క ప్రకారం మూడో మెట్టు, అంటే బి-1, చేరటానికే మామూలుగా 45 నిమిషాల పాఠాలు 600 కావాలి. ఆ తరవాతిది బి-2. ఈ వందల గంటల శ్రమ ఏ ఆసుపత్రి లెక్కల్లోనూ కనిపించదు. తయారైన సరుకు ఓడ దిగినట్టు, తయారైన భాష విమానం దిగుతుంది.

తక్కువ మెట్టుతో వెళ్ళినవాళ్ళ సంగతి జీతంలో తెలుస్తుంది. గుర్తింపు వచ్చేదాకా చాలామంది సహాయకురాళ్ళుగా పనిచేస్తారు. గుర్తింపుకు భాష ఒక్కటే చాలదు, చదువులో తేడాలుంటే అదనపు శిక్షణో పరీక్షో ఉంటుంది. కాని భాష లేనిదే ఆ శిక్షణా దాటలేరు, ఆ పరీక్షా దాటలేరు. 2025 జూలై 1న అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం వృద్ధుల సంరక్షణలో సహాయకుల కనీస వేతనం గంటకు 16.10 యూరోలు, పూర్తి అర్హతగల నర్సుకు 20.50 యూరోలు. తేడా 4.40. నెలకు 160 గంటలు పనిచేస్తే 704 యూరోలు. నాలుగేళ్ళు నర్సింగు చదివిన మనిషి, అదే చేతులతో, అదే రోగి దగ్గర, ఇంత తక్కువకు పనిచేస్తుంది. పైగా ఆమె చదువూ అనుభవమూ రాత్రి డ్యూటీలో అక్కరకు వస్తూనే ఉంటాయి. పని విలువ అందుతుంది, దాని ధర మాత్రం అందదు.

ఈ అమ్మాయి ఒక ఆదివారం సాయంత్రం నా దగ్గరికి వచ్చి తన పుస్తకం చూపించి, "సార్, వీళ్ళు డేటివ్ అంటున్నరు. ఇది మన విభక్తా?" అని అడిగింది. నాకు జర్మన్ రాదు. కాని విభక్తి తెలుసు. ఆ రోజునుంచి ఆమే, ఆమె స్నేహితురాళ్ళు ముగ్గురూ ఆదివారాలు మా అరుగుమీద చేరుతున్నారు. వాళ్ళకు జర్మన్ తెలుసు, వ్యాకరణం తెలీదు. నాకు వ్యాకరణం తెలుసు, జర్మన్ తెలీదు. ఇద్దరం కలిసి ఒక ఉపాధ్యాయుడి పని చేస్తున్నాం.

వాళ్ళ తరగతిలో జర్మన్‌ను ఇంగ్లీషు ద్వారా చెబుతారు. ఈ పిల్లలు పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళకు మందుల పేర్ల దాకా వచ్చును, అంతే. అంటే ఒక గోడ ఎక్కటానికి మరో గోడ ఎక్కమంటున్నారన్నమాట. "నేను రోగికి మాత్ర ఇస్తాను" అన్న వాక్యంలో మనం "కి" అనే ప్రత్యయాన్ని మాట చివర చేరుస్తాం. జర్మన్‌వాళ్ళు మాట ముందుండే చిన్న పదం రూపు మారుస్తారు: "డేర్" అన్నది "డెమ్" అవుతుంది. పని ఒకటే, చోటు వేరు. ఇంగ్లీషు వ్యాకరణంలో రూపు మారటమనే గొడవ దాదాపు లేదుగనక ఆ దారిన వచ్చినవాళ్ళకు ఇది అర్థంలేని కంఠస్థమవుతుంది. తెలుగు దారిన వస్తే ఒక సాయంత్రంలో తేలింది.

"ఎందుకంటే నేను జబ్బుగా ఉన్నాను" అనటానికి జర్మన్‌లో "వైల్ ఇష్ క్రాంక్ బిన్" అంటారు. క్రియ చివరికి పోయింది, అచ్చం మనలాగే. ఇంగ్లీషులో క్రియ మధ్యలో ఉంటుందిగనక "ఇది తలకిందుల వాక్యం, జాగ్రత్త" అని వాళ్ళ పుస్తకం హెచ్చరిస్తున్నది. మా నర్సమ్మాయిలు ఈ సంగతి తెలిసి నవ్వారు. తలకిందులు ఎవరికి? "నువ్వు"కు "డు", "మీరు"కు "జీ" ఉన్నాయి. ఇంగ్లీషుకు ఆ భేదమే లేదు. ఆసుపత్రిని "క్రాంకెన్‌హౌస్" అంటారు, రోగుల ఇల్లు. షష్ఠీ తత్పురుష సమాసమని నేను చెబితే ఒక అమ్మాయి, "ఇది పదో తరగతిల రెండు మార్కుల ప్రశ్న సార్" అంది. రెండు మార్కుల ప్రశ్న అనుకున్నది ఒక ఖండం అవతల అన్నం పెట్టగలదని మన విద్యావిధానం ఆ పిల్లకు ఎన్నడూ చెప్పలేదు. మాతృభాషను గట్టిగా నేర్పటం వెనకబాటుతనమనీ, ఇంగ్లీషు ఒక్కటే ప్రపంచానికి తలుపనీ చెప్పే పెద్దమనుషులు ఈ ఆదివారాలకు ఒకసారి రావాలని నా కోరిక.

అయితే పరీక్ష గట్టెక్కటమొకటి, అక్కడ నోరు విప్పటమొకటి. నలుగురిలో ఒక అమ్మాయి బి-1తో ముందే వెళ్ళింది. దక్షిణ జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో పని. అక్కడి ముసలివాళ్ళు మాట్లాడేది పుస్తకాల జర్మన్ కాదు, ఆ ప్రాంతపు యాస. మతి తప్పినవాళ్ళు మరీను. "డాక్టరు చెప్పేది సమజైతది సార్. తిరిగి అడుగుడే రాదు" అని ఫోనులో చెప్పింది. ఈ మాట నన్ను చాలారోజులు వదలలేదు. ఆమెకు వరసగా రాత్రి డ్యూటీలు వేస్తున్నారట. ఎందుకని అడగాలి. అడగాలంటే ముందు మర్యాదగా మొదలుపెట్టాలి, తరవాత గట్టిగా నిలబడాలి, ఎదటివాడు వేగంగా జవాబు చెబితే తడబడకూడదు. ఇది ఏ మెట్టు జర్మన్? విన్నది అర్థం చేసుకోవటం పనికి కావలసిన భాష. తిరిగి అడగటం హక్కుకు కావలసిన భాష. శిక్షణాకేంద్రాలు మొదటిది అమ్ముతున్నాయి. రెండోదాన్ని అమ్మితే కొనేవాడు అలిగే ప్రమాదముంది.

ఇక్కడ నా స్నేహితులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. భాషా నియమం వలసవచ్చినవాళ్ళను తొక్కే సాధనం గనక దాన్ని రద్దుచేయాలనటమే అభ్యుదయం అంటారు. నేను ఒప్పుకోను. నర్సు రోగి మాట వినలేకపోతే ప్రాణం పోవచ్చు, ఆ రోగి కూడా ఒకనాటి కార్మికుడే. భాష కావాలి. నేటాల్ దరఖాస్తుకూ నర్సుల పరీక్షకూ తేడా ఉంది. మొదటిదానికి పనితో సంబంధం లేదు, రెండోదానికి ఉంది. కాని పనితో సంబంధముందని ఒప్పుకున్న క్షణంలోనే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: పనికి కావలసిన పరికరం ఖర్చు పనిచేయించుకునేవాడిది. గనిలో దిగేవాణ్ణి దీపం నువ్వే కొనుక్కు రమ్మంటే మనం ఊరుకుంటామా? నర్సుకు జర్మన్ అటువంటి దీపమే.

ఇది జరగని పని కాదు. జర్మన్ ప్రభుత్వ సంస్థలు "ట్రిపుల్ విన్" అనే పథకం నడుపుతున్నాయి. 2021 డిసెంబరులో కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా అందులో చేరింది. ఆ పథకంలో భాష నేర్పే ఖర్చు నర్సుమీద పడదు. మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపే పని చేపట్టింది. ప్రభుత్వ పథకాలకు దూరంగా, దళారుల చేతుల్లో పడినవాళ్ళ గతి ఏమిటన్నదే ప్రశ్న. ఆ ఖర్చు యజమానిదేనని ఒకచోట ఒప్పుకున్నప్పుడు అన్నిచోట్లా ఎందుకు ఒప్పుకోరు? విడివిడిగా నిలబడ్డ నర్సులు అడగలేరుగనక.

అంచేత మనం కోరవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. విదేశాలకు నర్సులను పంపే ప్రతి ఒప్పందంలోనూ భాషాశిక్షణ ఖర్చు తీసుకునే సంస్థదే కావాలి. అక్కడ చేరిన తరవాత పై మెట్టుకు చదివే గంటలను పనిగంటలుగా లెక్కించాలి. ఒప్పంద పత్రం కార్మికురాలి భాషలో కూడా ఉండి, ఆ పాఠానికి చట్టంలో విలువ ఉండాలి. అక్కడి కార్మిక సంఘాలు కొత్తగా వచ్చినవాళ్ళకు హక్కుల భాష నేర్పాలి. 1973 నాటి కొలోన్ మళ్ళీ రాకుండా ఉండాలంటే అది వాళ్ళకూ అవసరమే.

మన ఉపాధ్యాయుల వంతు మిగిలింది. తెలుగు పాఠం చెప్పేవాళ్ళం మనది అన్నం పెట్టని సబ్జెక్టని మనమే నమ్మి, తరగతిలో తలవంచుకుని నిలబడటం మానాలి. ఒక భాష నిర్మాణం క్షుణ్ణంగా తెలిసినవాడికి ఇంకో భాష తలుపు సగం తెరిచే ఉంటుంది. ఊళ్ళో జర్మనో, జపనీసో, అరబ్బీయో నేర్చుకుంటున్న పిల్లలున్నారు. వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, తెలుగులో వ్యాకరణం విప్పి చెప్పటానికి ఏ ప్రభుత్వ ఉత్తరువూ అక్కరలేదు. విద్యార్థి సంఘాలు పూనుకుంటే జిల్లాకొక ఆదివారపు బడి నడుస్తుంది. అందులో విభక్తులతోపాటు జీతపు కాగితం చదవటం నేర్పాలి. "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి", "నేను ఒప్పుకోను", "మా సంఘంతో మాట్లాడండి" అనే వాక్యాలను ఏ భాషలోనైనా తడబడకుండా పలకటం నేర్పాలి.

మన పిల్లలు దేశం దాటుతున్నారు, ఇంకా దాటుతారు. వాళ్ళు వెళ్ళేది చేతులతోనే కాదు, మాటతో కూడా. అది అమ్ముకోవటానికి మాత్రమే పనికొచ్చే మాటయితే వాళ్ళు నేటాల్ ఓడ ఎక్కినట్టే. ఎదురు అడగగల మాటను వాళ్ళ నోటికి అందించి పంపటం మన పని.